పళ్ళు లెక్కపెట్టే హక్కు

"ఇది పోయినవాళ్ళదేమో కనుక్కోవే," అంది అమ్మ నా చెవిలో.

ఆవిడ చేతిలో ఉన్నది ఓ ఇనప పెనం. నల్లగా, నున్నగా, మొహం కనిపించేలా ఉంది. అమ్ముతున్న తాతగారికి తెలుగు రాదు కాబట్టి చెవిలో చెప్పాల్సిన పనేం లేదు. కానీ పోయినవాళ్ళ మాట బజారులో గట్టిగా ఎత్తడం అమ్మకి అలవాటు లేదు.

నేను కనుక్కోలేదు. అక్కడున్న సామానులో సగం పోయినవాళ్ళదేనని నాకు తెలుసు. ఈ దేశంలో ఇంటి పెద్దలు పోతే పిల్లలు ఓ శని, ఆదివారాలు చూసుకుని, మంచాల దగ్గర్నుంచి చెంచాల దాకా ఆ ఇంట్లోనే అమ్మకానికి పెడతారు. అలాంటిచోట గంపగుత్తగా కొన్నవాళ్ళు ఇలాంటి బజార్లకి తెచ్చి విడివిడిగా అమ్ముకుంటారు. ఆ సంగతి చెబితే అమ్మ పెనం అక్కడే పడేసి కారెక్కుతుంది. "తెలీదమ్మా" అన్నాను.

మేం వెళ్ళింది కాంటన్ అనే ఊరికి. డాలస్‌కి తూర్పున 60 మైళ్ళు. ఇంటర్‌స్టేట్ 20 పట్టుకుంటే మా ఇర్వింగ్ నుంచి గంటన్నర. పేరుకి వాన్ జాంట్ కౌంటీకి ముఖ్యపట్టణమే గానీ జనాభా 4 వేల పైచిలుకు, అంటే మన లెక్కలో ఓ మోస్తరు పంచాయతీ. నెలకి నాలుగు రోజులు మాత్రం ఆ ఊరు ఊరులా ఉండదు. మొదటి సోమవారానికి ముందొచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా అక్కడ వేల కొట్లు వెలుస్తాయి. దాని పేరు ఫస్ట్ మండే ట్రేడ్ డేస్.

"సోమవారం పేరు పెట్టుకుని ఆదివారానికే ఎత్తేస్తారేమిటి?" అన్నారు నాన్న.

దానికో కథ ఉంది. 1850ల్లో, ఊరు పుట్టిన కొత్తలో, నెలలో మొదటి సోమవారం నాడు జడ్జిగారు వచ్చి కోర్టు పెట్టేవారట. వాయిదాలకి వచ్చిన రైతులు పనిలో పనిగా గుర్రాలూ, కంచరగాడిదలూ, వేటకుక్కలూ మార్చుకునేవారు. కోర్టు చుట్టూ చేరిన ఆ బేరాలు పెరిగి పెరిగి, 1960లకొచ్చేసరికి ఊరి నడిబొడ్డున ఇమడక, మునిసిపాలిటీ పక్కనే స్థలం కొని బజారుని అక్కడికి మార్చింది. పాత పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

నాన్న పంచాయతీరాజ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి గుర్రాల మీద కన్నా ఇంకో విషయం మీద ఆసక్తి. "ఆశీలు ఎవరికి?"

"మునిసిపాలిటీకే."

"వేలంపాట పెట్టరా?"

"లేదు, వాళ్ళే స్థలాలు అద్దెకిస్తారు. లోపలికి టికెట్ లేదు, పార్కింగుకే డబ్బు. ఆ పక్కన కొన్ని ప్రైవేటు స్థలాలు కూడా ఉన్నాయి."

నాన్న చాలాసేపు తల ఊపారు. సంత ఆశీలు పాట అంటే ఎన్ని తలకాయలు పగులుతాయో చూసిన మనిషి. తెలంగాణలో దీన్నే తైబజారు అంటారని, పేరు మారినా తగువు మారదని కూడా చెప్పారు.

ఆ తర్వాత ఆయనే అన్నారు, మనకీ ఇలాంటి పేర్లున్నాయి కదే అని. మా రాజమండ్రిలో మంగళవారపు పేట. ఏలూరు దగ్గర శనివారపు పేట. కర్నూలులో బుధవారపేట. హైదరాబాదులో పాతసామాన్లకి పేరు మోసిన జుమేరాత్ బజార్ ఉంది, జుమేరాత్ అంటే గురువారం. చిన్నప్పటినుంచీ మంగళవారపు పేట మీదుగా తిరిగాను గానీ, ఏమిటీ పేరు అని నాకెప్పుడూ తట్టలేదు. టెక్సస్‌లో ఓ పల్లెటూరి బజారు మధ్యలో తట్టింది.

పాతరోజుల సంత అనగానే కళ్ళు చెమర్చుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నేనా జట్టులో లేను. 1850ల్లో టెక్సస్‌లో మనుషులనే కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో సైన్యం ప్రకటించేదాకా ఇక్కడి బానిసలకి స్వేచ్ఛ లేదు. కాబట్టి ఆ మొదటి సోమవారాల్లో అందరూ భుజం భుజం రాసుకుంటూ బేరాలాడారని నేను చెప్పను. మన సంతల్లోనూ ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు డబ్బులు చేతికివ్వకుండా నేలమీద పెట్టాలో లెక్కలుండేవి. నేను చెప్పబోయేది ఇప్పటి బజారు గురించి.

ఇప్పటి బజారులో లేనిది లేదు. కొత్త సామాన్లూ చాలా వచ్చేశాయి. చైనా బొమ్మలు, వాసన కొవ్వొత్తులు, నినాదాలు రాసిన చెక్కపలకలు. వాటిని దాటేసి పాతవాటి వైపు నడవాలి. కారు నంబరు ప్లేట్లు, గాజు సీసాలు, చేత్తో కుట్టిన బొంతలు, రంపాలు, తాళంచెవులు లేని తాళాలు, తాళాలు లేని తాళంచెవులు. బొంతల దగ్గర అమ్మ ఆగిపోయింది. "మన బొంతలేనే ఇవి, కాకపోతే గోడకి వేలాడదీశారు" అంది. ముట్టుకోలేదు మాత్రం. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మ్యూజియంలో బడిపిల్లలా నడిచింది. ఎందుకలా నడుస్తున్నావంటే, "ఎవరు కప్పుకున్నారో, ఏం రోగాలో" అంది.

సరే, దుప్పటికి రోగం భయం ఉందనుకుందాం. పెనానికేం రోగం? నిప్పుల మీద కాలే వస్తువది. ఇంట్లో మైల వస్తే కుండలు బయటపడేసి, ఇత్తడీ ఇనుమూ తోముకుని వాడుకునేవాళ్ళం కదా అని నాన్న గుర్తుచేస్తే అమ్మ ఊరుకుంది. ఒప్పుకున్నట్టు కాదు, వాదించడం ఇష్టంలేక.

నా గోల ఇక్కడ మొదలవుతుంది. పాతది వాడటం మనకి అసహ్యమనేది అబద్ధం. అమ్మ రాజమండ్రిలో అట్లు పోసేది మా నాయనమ్మ పెనం మీద. ఆవిడకి వాళ్ళ అత్తగారు ఇచ్చిందది. పెళ్ళినాటి నెక్లెసు మూడుసార్లు కరిగిపోయి నా గాజులయింది. ఇక్కడ మా ఇల్లు నాకన్నా ముందు ముగ్గురు కాపురం చేసి వెళ్ళింది. మొదటి కారు లక్షా పదివేల మైళ్ళు తిరిగిన కామ్రీ. చదువుకోవడానికి వచ్చిన ఏడాది, అపార్ట్‌మెంట్ చెత్తకుండీ పక్కన ఎవరో వదిలేసిన పరుపుని నలుగురం రాత్రి పదింటికి దొంగల్లా మోసుకొచ్చాం. ఆ మాట అమ్మకి ఈరోజుకీ తెలీదు. ఇక డాలస్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మూవింగ్ సేల్ లేని రోజుండదు. సోఫా, టీవీ, ఇడ్లీ కుక్కరుతో సహా ఒక తెలుగింటి నుంచి ఇంకో తెలుగింటికి మారిపోతుంటాయి. వాటికి రోగాలు అంటవు.

అంటే గొడవ పాతదనంతో కాదు. "ఎవరిదో" అన్నదానితో. ఎవరిదో అంటే మనలో ఏమిటో అందరికీ తెలుసు. ఏ కులంవాళ్ళదో, ఏం వండుకు తిన్నారో అని. ఆ ప్రశ్నకి శుభ్రం అనే తొడుగు తొడిగి తిప్పుతాం. అమ్మ మంచిదే, ఎవరినీ నొప్పించదు. కానీ పెనం పట్టుకుని ఆలోచించినప్పుడు ఆ ప్రశ్న ఆవిడ వేళ్ళలోనే ఉంది. నా వేళ్ళలో లేదని నేనూ ప్రమాణం చెయ్యలేను.

పాతవాటిని మనం పారెయ్యం, అదీ నిజమే. మా వీధిలోకి నెత్తిన స్టీలుగిన్నెల గంప పెట్టుకుని ఒకావిడ వచ్చేది. పాతచీరలు, ప్యాంట్లు ఇస్తే గిన్నె. జరీచీర అయితే పెద్ద డబ్బా. ఇంకొకాయన పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలిచ్చేవాడు. ఇప్పుడు అదే కేక ఆటోకి కట్టిన మైకులోంచి వస్తుంది. దువ్వెనకి అంటిన జుట్టు చుట్టచుట్టి గోడ సందులో దాచేవాళ్ళం, దానికీ కొనేవాడుండేవాడు. గిన్నెలావిడతో మా పిన్ని బేరం చూసి తీరాల్సిందే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు, మూడు పట్టుచీరలు పోసినా ఆ గిన్నెలావిడ మూత లేని టిఫిన్ డబ్బాయే చూపించేది. ఆ చీరలు తర్వాత ఎవరి ఒంటి మీదికి వెళ్ళాయో మేం ఎప్పుడూ అడగలేదు.

అడగకపోవడమే మన పద్ధతి. మన పాతవస్తువు ఇంట్లోంచి బయటికి పోయే దారులు రెండే. ఒకటి, ఇలా ఎవరికి చేరుతుందో తెలియకుండా పోవడం. రెండోది దానం. పోయినవాళ్ళ బట్టలు చాకలికి. పన్నెండోరోజున మంచం, పరుపు, గొడుగు, చెప్పులు బ్రాహ్మడికి. చిరిగిన దుప్పట్లు వాచ్‌మన్‌కి, పిల్లలకి పొట్టయిన బట్టలు పనిమనిషికి. ఇచ్చేవాడిదే ఎప్పుడూ పైచేయి. పక్కింటివాళ్ళకి, అంటే మనతో సమానమనుకున్నవాళ్ళకి, మన పాత మిక్సీ ఇవ్వాలంటే నోరు రాదు. ఏమనుకుంటారో అని. పనిమనిషికి ఇవ్వడానికి ఆ బెంగ ఉండదు. ఆవిడ ఏమనుకున్నా మనకి వినపడదు కాబట్టి.

నేను మూడో తరగతిలో ఉండగా నా పసుపు గౌను ఒకటి పొట్టయింది. జేబు మీద కుందేలు బొమ్మ ఉండేది. అమ్మ దాన్ని మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడకి ఇచ్చింది, వాళ్ళ పాపకని. ఆ పాప మా బళ్ళోనే, నాకన్నా ఓ తరగతి కింద. ఒక శనివారం, అంటే యూనిఫారం అక్కర్లేని రోజు, ఆ గౌను వేసుకుని వచ్చింది. తల దువ్వుకుని, రిబ్బను కట్టుకుని. నేను ఇంటర్వెల్లో పదిమంది మధ్యలో "అది నా గౌను" అన్నాను. అక్కసుతో కాదు. నా కుందేలు కనిపించిందన్న సంబరంతోనే అన్నాను. ఆ పాప ఏం మాట్లాడలేదు. జేబు మీద చెయ్యి పెట్టుకుని కుందేలుని మూసేసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ గౌను వేసుకురాలేదు.

ఆ గౌనే వాళ్ళమ్మ సంతలో, గుట్టగా పోసిన పాతబట్టల్లోంచి ఏరుకుని ఐదు రూపాయలకి కొనివుంటే? నేను "అది నా గౌను" అంటే, "పోవే, మా అమ్మ కొంది" అనేది. అనే హక్కు ఉండేది. ఆ ఐదు రూపాయలు మా ఇంటికేం లెక్క కాదు. ఆ పాపకి మాత్రం అవి జవాబయ్యేవి. అందుకే నేనంటాను, వాడుకోదగ్గ వస్తువుని ఊరికే ఇవ్వకండి, అమ్మండి. రెండు రూపాయలకైనా అమ్మండి.

ఈ మాట అంటే మా స్నేహితులు నామీద పడతారు. లేనివాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోవడానికి మనసెలా వస్తుందని. వరదలో ఇల్లు మునిగినవాడికి దుప్పటి అమ్మమని నేననడం లేదు, ఆపదలో ఇచ్చేది వేరు. రోజువారీ బతుకులో ఒకరి కింద ఒకరిని నిలబెట్టే ఈవి గురించి నా పేచీ. ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలో గుడ్‌విల్ దుకాణాలు చూసే ఉంటారు. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాదిరీ మొదలుపెట్టిన సంస్థ. ఉన్నవాళ్ళ ఇళ్ళనుంచి పాతవి సేకరించి, లేనివాళ్ళ చేత బాగుచేయించి, వాళ్ళకి కూలి ఇచ్చి, బాగైన సామాను తక్కువ ధరకి అమ్మేవాడు. మన దగ్గర అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో పెట్టిన గూంజ్ సంస్థది ఇంకో దారి. ఊళ్ళో బావి తవ్వుకుంటేనో, రోడ్డు వేసుకుంటేనో ఆ పనికి ప్రతిఫలంగా బట్టలిస్తారు. పట్నంవాళ్ళ పాతబట్ట పల్లెకి ముష్టిలా కాకుండా కష్టార్జితంలా చేరుతుంది. రెండుచోట్లా కిటుకు ఒకటే. తీసుకునేవాడు తిరిగి ఏదో ఒకటి ఇస్తాడు, తలెత్తుకుని పట్టుకెళ్తాడు.

ఇంకో లాభం కూడా ఉంది, అదే నాకు అసలైనది. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. నిజమే, ఊరికే వచ్చినదాన్ని వంక పెట్టకూడదు. కొన్నదానికి ఆ కట్టడి లేదు. పశువుల సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేదాకా బేరమే మొదలవదు. నాన్న చిన్నప్పుడు తాతయ్యతో వెళ్ళేవారట. దళారీ, కొనేవాడూ తువ్వాలు కింద చేతులు దూర్చి వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత ధర. పక్కన నిలబడ్డవాడికి మొహాలు తప్ప ఏమీ కనిపించవు. కొన్నవాడు ఎంతకి కొన్నాడో, ఎందుకంత తగ్గించుకున్నాడో పదిమందికీ తెలియక్కర్లేదు. దానంలో అలా ఉండదు. ఏమిచ్చామో వీధంతా చెప్పుకుంటాం.

కాంటన్ తాతగారి దగ్గర తువ్వాలు లేదు, నేనే తువ్వాలుని. అమ్మ తెలుగులో అనడం, నేను ఇంగ్లీషులో కాస్త మెత్తబరిచి చెప్పడం. పెనం వెనక కాగితం మీద 40 డాలర్లని రాసుంది. దాని అడుగున వాగ్నర్ వేర్, సిడ్నీ, ఓ అని పోతలో అక్షరాలు. నాన్న ఆస్ట్రేలియా నుంచి వచ్చిందన్నారు. తాతగారు నవ్వి, ఈ సిడ్నీ ఒహాయో రాష్ట్రంలోదని, ఓ అంటే అదేనని, తన లెక్కలో పెనం 60 ఏళ్ళకి తక్కువుండదని చెప్పాడు. వాగ్నర్ అన్నదమ్ములు అక్కడ 1891లో పెట్టిన కార్ఖానా అది. ఆ కాలంలో పోతపోశాక లోపలి భాగాన్ని నున్నగా చెక్కేవారు. ఇప్పటి పోతపెనాలు చాలావరకు గరుగ్గానే వదిలేస్తారు. అందుకే అట్టు పోసేవాళ్ళకి పాతదే ముద్దు.

అమ్మ ఇవేం వినడం లేదు. ఎద్దు పళ్ళు చూసే పనిలో ఉంది. వెనక్కి కట్టుకున్న చేతులు ఎప్పుడు ముందుకొచ్చాయో గానీ, పెనాన్ని ఎత్తి వెలుతురుకి పట్టింది, అంచు వెంట వేలు తిప్పింది. కాడ దగ్గర గీత ఉందంది. తాతగారు పెనాన్ని బల్లమీద బోర్లించి ఊపి చూపించాడు, ఊగలేదు. వంకర లేదన్నమాట. తర్వాత వేలి కణుపుతో కొట్టాడు. గంటలా మోగింది. బీటుంటే అలా మోగదట. అమ్మ మొహం వెలిగింది. "కుండ కొట్టి చూసినట్టే!" అంది. ఆ ఒక్క చప్పుడుతో ఇద్దరికీ నా అవసరం తీరిపోయింది. ఆవిడ వేళ్ళు చూపించింది, రెండు పదులు. ఆయన మూడు పదుల మీద అయిదు. ఆవిడ పెనం కింద పెట్టి రెండడుగులు నడిచింది. ఈ రెండడుగుల విద్య ఏ దేశంలోనైనా చెల్లుతుంది. 28 దగ్గర తెగింది.

డబ్బులిచ్చాక అమ్మ కదల్లేదు. "కొసరేదీ?" అంది.

కొసరుని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తట్టలేదు. బల్లమీదున్న ఓ చిన్న ఇనప చుట్టకుదురుని అమ్మే చూపించి, పెనంలో పెట్టుకుంది. ఆయన టోపీ తీసి దణ్ణం లాంటిదేదో పెట్టాడు.

బేరం మధ్యలో ఎక్కడో "పోయినవాళ్ళదా" అన్న ప్రశ్న జారిపోయింది. నేనది పైకి అనలేదు. అంటే గుర్తొస్తుందని భయం.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్న లేచేసరికి అమ్మ పెనాన్ని చింతపండు, బూడిద లాంటి ఏదో పొడీ వేసి బరబరా తోముతోంది. నేను పరుగెత్తేలోపు 60 ఏళ్ళుగా ఎవరో నూనె పట్టించి పట్టించి తెచ్చిన నునుపు సగం సింకులోకి పోయింది. మొదటి మూడట్లూ అంటుకుని ముద్దయ్యాయి. "నీ అమెరికా పెనం ఇంతేనా" అంది అమ్మ. నాలుగోది ఊడింది. ఆరోదానికి అంచులు వాటంతటవే లేచాయి. నాన్న ఎనిమిది తిన్నారు. ఆ పెనం మీద నేను ఇప్పటికీ నెమ్మదిగా నూనె పట్టిస్తూనే ఉన్నాను, ఆ ఎవరిదో ఆవిడ పనిని మళ్ళీ మొదటినుంచి చేస్తూ.

వాళ్ళు రాజమండ్రి వెళ్ళిపోయాక ఓ ఆదివారం ఫోన్ చేస్తే అమ్మ కోపంగా ఉంది. కొత్త మిక్సీ కొన్నారట. పాతది పనిమనిషికి ఇచ్చెయ్యబోయి, నా ఉపన్యాసం గుర్తొచ్చి, 200కి అమ్ముతానందట.

"ఏమందో తెలుసా? నూటయాభై అంది. నాతోనే బేరం! పైగా చట్నీ జారు కూడా వెయ్యమంది."

"వేశావా?"

"వెయ్యక చస్తానా. అయిపోయిందనుకుంటే నిన్న మళ్ళీ పట్టుకొచ్చింది. జారు కింద కారుతోందిట. డబ్బులిచ్చి కొన్నాను కదమ్మగారూ, బాగుచేయించి ఇవ్వండి అంటుంది. ఇన్నేళ్ళలో ఎన్ని ఇచ్చాను దానికి, ఒక్కదానికి వంక పెట్టిందా?"

వెనకనుంచి నాన్న నవ్వు వినిపిస్తోంది. వాషరు మార్పించడానికి 80 రూపాయలు పట్టుకుని బజారుకి వెళ్ళొచ్చింది ఆయనేనట.